పైపు అడుగున నల్ల గీత

నాచారం పారిశ్రామికవాడలో పదకొండేళ్లు నేను చేసిన పని ఏమిటో మా గల్లీలో ఎవరికీ సరిగా తెలియదు. "ఎక్స్‌రేలు సూస్తది" అని మా ఇంటి ఓనరమ్మ అందరికీ చెప్పేది. దాంతో ఉప్పల్‌లో మా వైపు ఎవరి మోకాలు నొప్పెట్టినా పెద్ద కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. నేను చూసేది మనుషుల ఎముకలు కాదమ్మా, ఇనుప పైపుల అతుకులు అంటే, చూడడానికి బద్ధకించి తప్పించుకుంటున్నాననుకునేవారు. ఒకామె అసలే వినలేదు. "పైపుల కనబడ్డది కాల్ల కనబడదా?" అని కూర్చుంది. వెలుతురుకి ఎత్తి చూసి, ఏమీ లేదని చెప్పి పంపించాను. నాకు తెలిసినంతలో అది నిజమే.

పని చెప్పడానికి కష్టమైనదేమీ కాదు. రెండు పైపులను వెల్డింగ్‌తో అతికిస్తారు. పైకి అతుకు ఎంత నున్నగా ఉన్నా లోపల ఏముందో కంటికి తెలియదు. అందుకని అతుకు చుట్టూ ఫిల్మ్ చుట్టి, లోపలి నుంచి కిరణాలు పంపి బొమ్మ తీస్తారు. ఫిల్మ్ మీద అతుకు తెల్లటి పట్టీలా పడుతుంది. ఆ పట్టీలో ఎక్కడ నల్లగా కనబడితే అక్కడ ఇనుము లేదన్నమాట. చుక్కయితే గాలి బుడగ, గీతయితే అతుక్కోని చోటు. కిటికీల్లేని గదిలో, దీపం వెలిగే పెట్టె మీద ఫిల్మ్ పరిచి, అంగుళం అంగుళం చదివి, 'ఓకే' అనో 'రిపేర్' అనో రాసి కింద సంతకం చేయడం నా పని. అతుకు నంబరూ, దాన్ని వేసిన వెల్డర్ నంబరూ ఫిల్మ్ మూలన తెల్లగా పడి ఉంటాయి. కిరణాలు తాకే ముందే సీసపు అంకెలు అక్కడ అంటించి పెడతారు.

నన్ను ఆ గదిలోకి తెచ్చింది మా బావ. అక్క మొగుడు. జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి, నాచారంలో ఒక షెడ్డులో ఇనుము రుద్దే పనితో మొదలుపెట్టి, వెల్డర్ అయ్యాడు. నా డిగ్రీ అయిపోయి నాన్న సంబంధాలు వెతుకుతున్న రోజుల్లో వచ్చి, "మామా, పెండ్లి యాడికి పోదు. పిల్లకు కండ్లు మంచిగున్నయి, జర పని నేర్సుకోనియ్యి" అన్నాడు. నాన్న ఎవరి మాటా వినే రకం కాదు. అల్లుడి మాట కాదనలేక ఒప్పుకున్నాడు. ఆ విధంగా ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కి, నాచారం చెరువు వాసన రాగానే దిగడం నాకు అలవాటైంది.

పని నేర్పింది మా సార్. కోస్తా మనిషి, వైమానిక దళంలో విమానాల రెక్కల ఫిల్ములు చదివి రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఫిల్మ్ పెట్టె మీద పరిచాక, దీపం వేసే ముందే, నల్ల కాగితం ముక్క ఒకటి చింపి వెల్డర్ నంబరు మీద కప్పేవాడు. "ముందు అతుకు చదువమ్మా. మనిషిని తర్వాత చూసుకోవచ్చు" అనేవాడు. ఎవరు వేశారో తెలిస్తే కన్ను తొందరపడుతుందట. సార్ ఎదురుగా ఉన్నంతసేపూ నేనూ కాగితం కప్పేదాన్ని. లోపల మాత్రం ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని. నా కన్ను మీద నాకు అంత గీర.

రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ల ముందు కోస్తాలో ఒక రేవు దగ్గర పెద్ద పని మొదలైంది. ఓడల్లో వచ్చే ముడి చమురు దించుకునే టెర్మినల్ అది. పాత ట్యాంకులు చాలక కొత్తవి కడుతున్నారు, ఓడ ఆగే చోటి నుంచి వాటిదాకా మరో వరుస లావు పైపులు వేస్తున్నారు. నాచారంలో ఉన్నవాళ్లకు సముద్రం కనబడకపోయినా ఆ ఏడాది ఏ షెడ్డు చూసినా సముద్రం పనే. ఒకచోట మూతలు, ఒకచోట వంపులు, ఒకచోట ట్యాంకు మెట్లు. అతుకుల ఫిల్ములు చదివే పని మా ఆఫీసుకి వచ్చింది. వెల్డింగ్ ముఠాతో బావ వెళ్లాడు.

వెళ్లిన వారానికి ఫోన్ చేసి, "ముడి నూనె అంటె నల్లగనే ఉంటదనుకున్న గని, ఎండల పెడితె జర ఆకుపచ్చగ మెరుస్తది" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. అన్నేళ్లు చమురు పైపుల ఫిల్ములు చదివాను, చమురు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

బావది రూట్ పని. అంటే అతుకులో అన్నిటికంటే లోపలి మొదటి వరుస. దాని మీద ఎంతమంది ఎన్ని వరుసలు వేసినా, అది కుదరకపోతే పైవన్నీ పైపూతే. అందులోనూ పైపు అడుగు భాగం కష్టం. వాళ్లు దాన్ని ఆరు గంటలంటారు, గడియారంలో ఆరు ఉండే చోటు కాబట్టి. గుంతలో వెల్లకిలా పడుకుని, మొహం మీద నిప్పురవ్వలు రాలుతుంటే, ఇనుము కిందికి జారకుండా పైకి నిలబెట్టాలి. బావ ఆరు గంటల దగ్గర వేసిన రూట్ అక్క పొద్దున్నే వాకిట్లో లాగిన ముగ్గు గీతలా ఒకే వెడల్పున ఉండేది. ఎక్కడా ఆగినట్టు తెలిసేది కాదు.

ఫిల్ములు అక్కడే కడిగి, ఆరబెట్టి, బస్సులో పార్సిల్ వేసేవారు. పొద్దున్నే ఎల్బీనగర్‌లో దిగేవి. మధ్యాహ్నానికి నేను చదివి ఫ్యాక్స్ పంపాలి. నా కాగితం అందాకే పైపుకి పూత పూసి, కందకంలోకి దించి, మట్టి కప్పేవారు. అక్కడ అన్ని యంత్రాలూ అంతమంది మనుషులూ నాచారంలో నేను పెట్టే సంతకం కోసం ఎదురుచూస్తారని తలుచుకుంటే ఒళ్లు పొంగేది. ఆదివారాలు బావ ఫోన్ చేస్తే, "బావా, నీ రూట్ చూస్తే దానికే దిష్టి తీయబుద్ధయితది" అని ఏడిపించేదాన్ని. "నువ్వు సదువుతవని తెలిసి జర సోకుగ ఏస్తున్న పిల్లా" అనేవాడు.

తర్వాత బంద్‌ల నెలలు వచ్చాయి. ఒకరోజు బస్సులుంటే రెండు రోజులు ఉండవు. పార్సిళ్లు మూడు రోజులవి ఒకేసారి కుప్పగా వచ్చేవి. అదే సమయంలో సార్, తన తమ్ముడికి ఒంట్లో బాగాలేదని, గోదావరి వైపు వాళ్ల ఊరికి వెళ్లి నెల పైనే ఉండిపోయాడు. సంతకానికి మిగిలింది నేనొక్కదాన్నే. కుప్ప ఎక్కువై పొరబడ్డానని చెప్పుకుంటే సానుభూతి దొరుకుతుంది గానీ అది నిజం కాదు. మిగతావాళ్ల ఫిల్ములు నేను శుభ్రంగానే చదివాను. ఇద్దరికి రిపేర్లు కూడా రాశాను. నల్ల కాగితం మానేసి, ముందుగా నంబర్లు చూసి, బావవి వేరే తీసి చివరికి పెట్టుకునేదాన్ని. పొద్దంతా తప్పులు చూసి విసిగిన కళ్లకు అవి విశ్రాంతి. వాటిని చదివేదాన్ని కాదు, చూసుకునేదాన్ని. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఇక్కడ వయసులు తారుమారయ్యాయి, అంతే తేడా.

సార్ తిరిగి వచ్చిన రోజు నేనే హుషారుగా ఒక ఫిల్మ్ తీసి పెట్టె మీద పరిచాను. రూట్ అంటే ఇలా ఉండాలి సార్ అన్నాను. ఆయన అలవాటుగా నల్ల కాగితం చింపి నంబరు మీద కప్పి, దీపం వేసి చదవడం మొదలుపెట్టాడు. పన్నెండు గంటల నుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి వచ్చి ఒకచోట ఆగిపోయాడు.

"ఇది నువ్వే చదివావా అమ్మా?"

"అవును సార్."

"ఆరు గంటల దగ్గర మళ్లీ చదువు."

చదివాను. తెల్లటి పట్టీ మధ్యలో వెంట్రుకంత సన్నని నల్ల గీత, తిన్నగా, నా బొటనవేలంత పొడవు. అక్కడ రెండు పైపుల అంచులూ కలవలేదు. పనిలో చేరిన మొదటి నెలలో నేర్పే తప్పు అది. ఎవరికైనా కనబడుతుంది.

"నువ్వు చదివింది ఫిల్మా, నంబరా?" అన్నాడు సార్. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ అతుకు అప్పటికే మట్టి కింద ఉంది. పైన రోడ్డు కూడా వేశారేమో తెలియదు. ఇప్పుడేం చేయాలి సార్ అని అడిగాను.

"సంతకం నీది, చెప్పాల్సింది కూడా నువ్వే. నేను చెబితే నీ ఉద్యోగం పోతుంది. నువ్వు చెబితే ఉంటుందని మాట ఇవ్వలేను" అని, స్కూటర్ తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి మూడు రోజులు బావ ఫిల్ములన్నీ బయటికి తీసి, నంబర్లు కప్పి, తేదీల వరుసన మళ్లీ చదివాను. అతుక్కోని చోట్లు నాలుగు అతుకుల్లో ఉన్నాయి. అన్నీ ఆఖరి మూడు వారాల్లోవి, అన్నీ ఆరు గంటల దగ్గరే. కానీ బావ చేతి తీరు మారింది మూడు వారాల కింద కాదు. అంతకు చాలా ముందే, ఎండలు ముదిరిన రోజుల్లోనే, ఆ ముగ్గు గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా పడడం మొదలైంది. తప్పు అనలేం, నిబంధనల హద్దులోనే ఉంది. పరాయి వెల్డర్‌దైతే మాత్రం పక్కన ఒక గుర్తు పెట్టి, ఈ మనిషిని గమనించండి అని రాసి ఉండేదాన్ని.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నాలుగు అతుకులు తవ్వి, కోసి, మళ్లీ వేస్తారు. బావ నంబరు కొట్టేస్తారు. పైపుల పని అయ్యాక ట్యాంకుల పనికి తీసుకునే వెల్డర్ల జాబితాలో ఆయన పేరు ఉండదు. ట్యాంకుల పని అంటే ఒకేచోట రెండేళ్లు, ఉండడానికి క్వార్టర్. పెళ్లయిన దగ్గర్నుంచి అక్క బావతో కలిసి ఏడాది పాటు ఒక్క ఇంట్లో ఉన్నది లేదు. ఎక్కడ పైపు ఉంటే అక్కడికి ఆయన, ఉప్పల్‌లో పిల్లలతో ఈమె. ఈసారి సముద్రం పక్కన కాపురం పెడదామని పిల్లల స్కూల్లో టీసీలు కూడా అడిగి వచ్చింది.

చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. పైపు నింపే ముందు నీళ్లతో ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు, అప్పుడు పగిలితే పగులుతుంది. పగలకపోతే చమురు పారుతుంది. ఎన్నేళ్లు పారుతుందో, ఏ రోజు ఏ చేపల పల్లె పక్కన కారుతుందో ఎవరూ చెప్పలేరు. మింగలేక కక్కలేక తిరిగాను.

ఆ ఆదివారం అక్క పిల్లలతో కీసరగుట్టకు బయల్దేరింది. నేనూ వెళ్లాను. దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చుని, పిల్లలు కోతులకు శనగలు వేస్తుంటే అక్కకు మొత్తం చెప్పాను. అక్క చేతిలోని కొబ్బరి చిప్పను ఇటూ అటూ తిప్పింది.

"నీళ్లు వోసి సూస్తరంటివి గద. ఖరాబుంటె గప్పుడే తెలుస్తది."

"తెల్వకపోతే?"

"తెల్వకపోతె మంచిదే అన్నట్టు."

"అట్ల కాదక్కా."

"ఇంటి గుట్టు లంకకు చేటని ఊకెనే అన్నరా? నీకు నౌకరి పెట్టిచ్చిన మనిషి నౌకరి నువ్వే తీస్తవా?" అంది. కొబ్బరి చిప్ప సంచిలో వేసుకుని లేచి, పిల్లల్ని పిలుచుకుని మెట్లు దిగిపోయింది. కీసర నుంచి ఉప్పల్ దాకా ఒకే ఆటోలో వచ్చాం, నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేను ఇంకా గట్టిగా అని ఉండేదాన్ని.

సోమవారం పొద్దున కాగితం రాశాను. ఈ నాలుగు అతుకులూ నేను తప్పుగా చదివాను అని, నంబర్లు వేసి, నా పేరు రాసి, సంతకం పెట్టాను. ధైర్యం చేశానని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు చిరాకు. అతుకు నంబర్లు తప్పు రాసి రెండు కాగితాలు పాడుచేశాను. బావకు ముందు ఫోన్ చేసి చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. ఆయనకు సైట్ మేనేజర్ నోటి నుంచే తెలిసింది.

నాలుగు చోట్ల తవ్వారు. కోసిన ఇనుప కడియాలు పరీక్షకు నాచారం వచ్చాయి. లోపలి వైపు వేలు పెట్టి చూశాను. ఆ సందులో నా గోరు దిగింది. ఆరు నెలలపాటు సంతకం చేయడానికి వీల్లేదని, సార్ పక్కన కూర్చుని చదవాలని ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. బావకు ఉత్తర్వేమీ రాలేదు. నంబరు కొట్టేసి, లెక్క చూసి, పంపించేశారు.

బావ వచ్చే రోజు పొద్దున్నే ఎల్బీనగర్ వెళ్లాను. అక్క వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు. బస్సు ఆగింది. అందరూ దిగాక చివరగా సంచి, ఇనుప మొహం తొడుగు పట్టుకుని బావ తలుపు దగ్గరికి వచ్చాడు. కింది మెట్టు కోసం కాలితో గాల్లో వెతికాడు. దొరికాక దిగాడు. ఎదురుగానే నిలబడి ఉన్నాను, నేను పిలిచేదాకా నా వైపు చూడలేదు.

పక్క హోటల్లో చాయ్ తీసుకున్నాం. మూడు రోజులుగా తయారుచేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, తప్పయింది బావా అన్నాను. ఏ తప్పు గురించి అంటున్నానో నాకే స్పష్టంగా లేదు.

బావ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నువ్వు జెప్పుడు మంచిగనే జేసినవు. గా నూనె ఎవలి ఇంటి ముంగట కారినా పాపం మనకే." ఒక గుక్క తాగి మళ్లీ అన్నాడు. "నాకు మసక మసక కొడుతుండె. ఈడ షెడ్డులైతె సప్పుడు ఇని ఏసేటోన్ని. రూట్ మంచిగ పడుతుంటె ఒక సప్పుడు వస్తది, కండ్లు మూసుకున్నా తెలుస్తది. ఆడ సముద్రం గాలికి ఏం ఇనబడది. గుంతల పండుకోని అందాజగ ఏసిన."

"మరి ఎవరికన్నా చెప్పకపోయినవా?"

"ఎవలకు జెప్పాలె? కండ్లు కనబడతలేవంటె గదే పూట ఇంటికి పంపిస్తరు. నేను నీ కాయిదం కోసం సూసేటోన్ని. ఖరాబయితె మరదలు పడ్తది, పట్టిన్నాడు మానేద్దాం అనుకున్న. దినాం ఫ్యాక్స్ సదివి ఓకే ఓకే అని జెప్పుతుండిరి. అంటె నా చెయ్యి ఇంక మంచిగనే ఉన్నది, ఊకెనే బుగులు వడుతున్న అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. హోటల్ అని కూడా చూడకుండా ఏడ్చాను. బావ నా తల మీద చెయ్యి వేసి, చాయ్ చల్లారుతుందన్నాడు.

ఆ వారంలోనే కంటి దవాఖానాకు తీసుకెళ్లాం. అక్క కూడా వచ్చింది, నాతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఎప్పుడూ పరీక్ష చేయించుకోని షుగర్ ఒకటి బయటపడింది, రెండు కళ్లలో పొర ఉందన్నారు. తర్వాత ఆపరేషన్లు జరిగాయి. చూపు వచ్చింది గానీ బావ మళ్లీ వెల్డర్ నంబరు కోసం పెట్టే పరీక్షకు వెళ్లలేదు. నాచారంలోనే ఒక షెడ్డులో గేట్లు, కిటికీ ఊచలు అతికించే పనికి కుదిరాడు. అక్కకు కాపురం ఉప్పల్‌లోనే దొరికింది, ఆమె కోరుకున్న సముద్రం లేకుండా.

అయితే నాకు బాగా గుర్తున్నది ఆ మొదటి రోజే. కళ్లలో మందు వేసి బావను కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, ఎప్పట్నుంచి ఇలా మసగ్గా ఉంది అని అడిగింది.

"నెల గావచ్చు మేడం" అన్నాడు బావ.

"నాలుగు నెలలు" అన్నాను నేను.

అడగకుండానే నా నోటి నుంచి వచ్చింది. తేదీల వరుసన ఫిల్ములు చదివిన మూడు రోజులూ నా కళ్లలోనే ఉన్నాయి. డాక్టరమ్మ తలెత్తి, మీకు చెప్పేవారా అని అడిగింది. లేదండీ అన్నాను. ఆమె నాలుగు నెలలని రాసుకుంది.

మందుకి బావ కంటిపాపలు పెద్దవై, కళ్లు నీళ్లు కారుతున్నాయి. నా గొంతు వినబడిన వైపు మొహం తిప్పాడు.

"నాలుగు నెల్లా?" అన్నాడు మెల్లగా. "మరి గప్పుడే జెప్పకపోతివి పిల్లా."